వెలుతురుకి పట్టి చూసిన జీన్స్

ఉద్యోగం వచ్చేసిందండీ! దుబాయ్ జెబెల్ అలీలో, పెద్ద గోడౌన్‌లో, స్టాకు లెక్క చూసే ఉద్యోగం! అమ్మ వైపూ నాన్న వైపూ కలిపి డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ బీకామ్‌కి ఇవాళ మధ్యాహ్నం ఉద్యోగం వచ్చింది. అందరికీ ఫోన్లు చెయ్యాలి, కానీ ముందు ఇది రాసేస్తా. పొద్దున్నుంచీ పడ్డ టెన్షన్ ఎక్కడో ఒకచోట దింపుకోవాలిగా.

నా విజిట్ వీసా ఇంకా నాలుగు రోజులే ఉంది. ఇవాళ్టి అవకాశం పోతే ఇక ఇంటికే. నిన్న సాయంత్రం కంపెనీ వాళ్ళ మెసేజ్ వచ్చింది. రేపు పని చేయించి చూస్తాం, పదకొండింటికి షార్జాలో మీ వీధి చివర వ్యాన్ ఎక్కండి, జీన్స్ వేసుకురండి. చుడీదార్, లెగ్గింగ్, చున్నీ ఉంటే లోపలికి రానివ్వం అని. అక్కడ బెల్టుల మీద పెట్టెలు కదుల్తుంటాయట, బట్ట చిక్కుకుంటుందట. నా సూట్‌కేసులో ఉన్నవి సరిగ్గా ఆ మూడే. జీన్స్ నేను పుట్టి బుద్ధెరిగాక వేసుకోలేదు.

పిన్నికి ఫోన్ చేశా. పిన్ని పన్నెండేళ్ళుగా ఇక్కడే ఒక అరబ్బుల ఇంట్లో పని చేస్తోంది. ఇవాళ తనకి సెలవు.

"కొత్తది కొనకే," అంది. "కొత్త జీన్సు మొదటిరోజు రేకుడబ్బాలా ఉంటది. వంగలేవు, కూచోలేవు. ఎవరో వాడి మెత్తబరిచింది కావాలి నీకు."

తొమ్మిదింటికల్లా మా పక్కవీధి పాతబట్టల కొట్లో ఉన్నాం. కొట్టాయన కడప భాయ్. మా మాటలు విని, "గోదారోళ్ళా! అయితే నేను మర్యాదగా మాట్లాడాల," అని నవ్వాడు. "ట్రయల్ రూము ల్యాదమ్మా. నడుము పట్టీ మెడకు సుట్టి సూడు. మెడకు సరిపోతే నడుముకూ సరిపోతాది. అమ్మినాక ఖలాస్, వాపసు తీసుకోను."

"దీని మెడ చూసి కొంటే ఆ పాంటులో పిల్లి కూడా దూరదు భాయ్," అంది పిన్ని. "చదివి చదివి మెడొక్కటే సన్నబడింది దీనికి, నడుము కాదు."

నాకు ముదురు నీలం రంగుది ఒకటి నచ్చింది. పిన్ని దాన్ని తిరగేసి, కాలులోకి చెయ్యి దూర్చి, ట్యూబ్‌లైటుకి పట్టి చూసింది. తొడల దగ్గర బట్టలోంచి తన వేళ్ళు కనిపిస్తున్నాయి.

"కూచున్నావంటే ఫట్."

"పిన్నీ, బావుంది కదా!"

"ఫొటోకి బావుంటది. మా అరబ్బుల ఇంట్లో ముగ్గురు పిల్లల జీన్సులు ఇన్నేళ్ళూ ఉతికింది నేను. ఎక్కడ పోతాయో వేసుకునేవాళ్ళకి తెలీదే, ఉతికేవాళ్ళకి తెలుస్తది."

పది దాటింది. ఒకదానికి జిప్పు పళ్ళు లేవు. ఒకటి ఉతుకుల్లో కుంచించుకుపోయింది. ఒకటి మోకాలి దగ్గర అతుకు. నాకు ఏడుపొచ్చేస్తోంది. అప్పుడు కుప్ప అడుగునుంచి వెలిసిపోయిన నల్లది లాగింది పిన్ని. మెకానిక్కులు వేసుకునేదానిలా ఉంది. లైటుకి పట్టింది. వేళ్ళు కనపళ్ళేదు.

బట్టల స్టాండు వెనక్కెళ్ళి, కుర్తీ కిందనే, లెగ్గింగ్ మీదనే వేసుకున్నా. గుండీ బిగుతుగా పడింది.

"గొంతుక్కూచో."

కొట్టు మధ్యలో గొంతుక్కూచున్నా. భాయ్ గబుక్కున తల తిప్పి ఫ్యానుకేసి చూశాడు. ఎక్కడా చిరగలేదు. కాళ్ళు మాత్రం నాలుగు వేళ్ళు పొడుగు. పర్సులోంచి సూదీదారం తీసి, బట్టల మూట మీద కూచుని పిన్నే కుట్టేసింది. పదీ నలభై.

భాయ్ వాళ్ళ స్టోర్ రూములో, పిన్ని కర్టెను పట్టుకుని నిలబడితే, లెగ్గింగ్ తీసేసి జీన్స్ వేసుకున్నా. జారిపోయింది! నడుము దగ్గర నాలుగు వేళ్ళు దూరేంత వదులు.

పిన్ని మొహం తెల్లబోయింది. "నాకు తట్టలేదే తల్లీ. ఉతకడమే గానీ, నేనెప్పుడు వేసుకున్నాను?" అంది. పిన్నికి తెలీని సంగతి ఒకటుందని అప్పుడే చూశా. నిజంగా భయమేసింది.

బెల్టు లేదు, టైం లేదు. "యల్లా, యల్లా! వ్యాను నీకోసరం నిలబడదు తల్లీ," బయట్నుంచి భాయ్ కేకలు. మళ్ళీ లెగ్గింగ్ వేసుకుని, దాని మీద జీన్స్ ఎక్కించి, సంచిలో తెచ్చుకున్న రూమ్మేటు టీషర్టు తగిలించుకుని పరుగెత్తా.

గోడౌన్ గుమ్మంలో సూపర్‌వైజర్ మేడమ్ ఒక్కొక్కళ్ళనీ పైనుంచి కింది దాకా చూసింది. నా ముందమ్మాయి వెడల్పు పాంటు వేసుకొచ్చింది. "నో," అని పక్కకి నిలబెట్టేసింది. నా వంతు. అంచుల దగ్గర పిన్ని కుట్లు చూసింది. లోపలికి పొమ్మని తల ఊపింది.

స్కానరు చేతికిచ్చి, ఒక వరస పెట్టెలు లెక్కపెట్టమన్నారు. కంప్యూటర్లో నలభై ఎనిమిది. నాకు నలభై ఏడే వస్తున్నాయి. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే. మేడమ్ వాచీ చూసుకుంటోంది. ఎనిమిది అని రాసేస్తే అబద్ధం. ఏడంటే కంప్యూటర్ తప్పనాలి. లోపల లెగ్గింగ్ చెమటకి తడిసి కాళ్ళకి అంటుకుపోయింది. ఏమైతే అదైందని మోకాళ్ళ మీద కూలబడి, నేలకి చెంప ఆనించి కింది అరలోకి తొంగిచూశా. గోడవైపు జారిపోయి ఒక పెట్టె!

పొట్ట మీద పాకి దాన్ని బయటికి లాగాను. చిన్న కుట్టు కూడా ఊడలేదు.

"అందరూ నిలబడే లెక్కపెడతారు," అని హిందీలో అంది మేడమ్. "సోమవారం నుంచి రా. వీసా కాగితాలు ఆఫీసులో ఇచ్చి వెళ్ళు."

వ్యాన్‌లోంచే పిన్నికి చెప్పేశా. ఇంకా చెయ్యాల్సినవాళ్ళు:

అమ్మ. కువైట్‌లో ఇంటిపని అయ్యాకే తన చేతికి ఫోనిస్తారు.

నాన్న. రెండుసార్లు చేశా, ఎత్తలేదు. ఆటో నడుపుతుంటాడు.

ట్రావెల్స్ ఆయన. బుధవారం టికెట్టు వద్దని.

పెద్దత్త. "పాచిపనికి బీకామ్ సర్టిఫికెట్ అడుగుతారటే?" అన్న మనిషి. ఇంట్లో అందరూ వినేలా స్పీకర్ పెట్టమనాలి.

కాలేజీలో అకౌంట్స్ చెప్పిన మేడమ్. నంబరు మారిపోయిందట, కనుక్కోవాలి.