బస్సులు కట్టిన మనిషి

తిరుమణి దగ్గర సోలార్ పార్కు కడుతున్న రోజుల్లో నేను ఒక కంపెనీకి జీపు తోలేవాణ్ణి. రోజూ నా జీపులో సైటుకు వచ్చేది హంగేరీ దేశపు ఇంజనీరు ఒకాయన. అరవై దాటిన మనిషి. ఇద్దరిదీ అంతంతమాత్రపు ఇంగ్లీషే కావడంతో మాకు మాట బాగా కుదిరింది.

ఒకరోజు పావగడ బస్టాండు పక్కన, మా మామ షెడ్డు ముందు జీపు ఆపమన్నాడు. నా భార్య తండ్రి అక్కడ పాత ప్రైవేటు బస్సులకు కొత్త బాడీలు కట్టేవాడు. రేకులు ఇంకా కొట్టని బస్సొకటి ఉత్త ఇనుప చట్రంతో నిలబడి ఉంది. ఇంజనీరు దిగి ఒక్కో కమ్మీనీ చేత్తో తడుముతూ దాని చుట్టూ తిరిగాడు.

"ఏందల్లుడా, కొనేదానికొచ్చినాడా?" అన్నాడు మామ.

నేను అడిగితే ఇంజనీరు చెప్పాడు. ఆయనా, వాళ్ల నాన్నా బస్సుల ఫ్యాక్టరీలోనే పనిచేశారట. కమ్యూనిస్టుల కాలంలో వాళ్ల బస్సులు రష్యాకూ, చుట్టుపక్కల దేశాలకూ పోయేవట. రెండు బస్సులను మధ్యలో హార్మోనియం తిత్తిలాంటి మడతలతో కలిపి పొడుగు బస్సులు చేసేవారట. తరువాత ప్రభుత్వం మారింది. కొనే దేశాలు కొనడం మానేశాయి. యజమానులు మారారు. చివరికి ఫ్యాక్టరీ మూతపడింది.

"మరి ఆ పనోళ్లంతా ఏమైనారంట?" అని మామ నాచేత అడిగించాడు.

"కొందరు వేరే దేశాలు పోయారు. నేను ఈ సోలార్ పని నేర్చుకున్నాను. మా నాన్న మాత్రం రోజూ పొద్దున ఆ మూతపడిన ఫ్యాక్టరీ గేటు దాకా నడిచి వెళ్లి వచ్చేవాడు," అన్నాడు ఇంజనీరు.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మా పొలం పార్కుకు ఇచ్చాక, ఆయనా సాయంత్రాలు కంచె దాకా పోయి కాసేపు నిలబడి వచ్చేవాడు.

మామ సుత్తి తీసి ఇంజనీరు చేతికిచ్చాడు. ఆయన కొట్టిన మొదటి రివెట్టు వంకరపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తరువాత ఆదివారాలు ఆయన ఆ షెడ్డులోనే గడిపాడు.

బస్సు తయారయ్యాక, నడక చూద్దామని మామ స్టీరింగు పట్టాడు. మేమిద్దరం వెనక కూర్చున్నాం. బస్టాండు మలుపులో సంత మూటలతో ఆడవాళ్లు చెయ్యెత్తారు.

"తిరుమణికి పోతాదాప్పా?"

సర్వీసు బస్సు కాదని చెప్పబోయాను. మామ అప్పటికే బ్రేకు వేశాడు. "పోతాది, ఎక్కండమ్మా. టికెట్టేమీ లేదు."

దారి పొడుగునా జనం ఎక్కుతూనే ఉన్నారు. ఇంజనీరు లేచి తన సీటు ఒక ముసలామెకు ఇచ్చి, పైకమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"మేం కట్టిన బస్సులు రైలెక్కి పోయేవి. వాటిలో ఎవరు కూర్చున్నారో నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు నాతో.

ముసలామె ఆయన చొక్కా కొస లాగి, పక్కకు సర్దుకుంది. "ఏమంటాండాడో ఏమో. ఈడ చోటుండాది, కూచోమను."

ఆయన కూర్చున్నాడు. ఆమె మూటను తిరుమణి దాకా ఒళ్లో పెట్టుకున్నాడు.