లిలువా నేల గీసిన గీతలు

గీత వణికితే నాకు ఒళ్లు మండిపోయేది. పుట్టిందీ పెరిగిందీ బెంగాల్లో, లిలువా రైల్వే క్వార్టర్లో. పెరటి గోడ దాటితే పట్టాలే. బండి వచ్చిందంటే కిటికీ చువ్వలు, గిన్నెలు, గచ్చు అన్నీ కలిసి వణికేవి. నేను చేసేదేమో చేత్తో పుస్తకాలు. కాగితం మడిచి, కుంచెతో బొమ్మలు వేసి, దారంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అతికిస్తాను. గచ్చు మీద బోర్లా పడుకుని పొడుగాటి గీత ఒకటి లాగుతుంటానా, సరిగ్గా అప్పుడే బండి! ఆ కాగితాన్ని ట్రంకుపెట్టె వెనక్కి గిరాటేసేదాన్ని.

“ముదనష్టపు రైళ్లు!” అని అరిస్తే, పక్కనే వంటింట్లో అల్లం దంచుతున్న అమ్మ నవ్వేది.

“ఏటే గుంటా, రైలు మీద కూడా నీ కోపమేనా? ఎల్లి మీ నాన్నకి సెప్పు, ఆపిస్తాడు.”

నాన్న వర్క్‌షాపులో చక్రాలు చూసేవాడు. సుత్తితో కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పేవాడు. బళ్లు ఆపడం ఆయన వల్ల ఎక్కడవుతుంది! దాంతో రెండు బళ్ల మధ్య సందు చూసుకుని గీయడం నేర్చుకున్నాను.

అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఈ ఏడు నాన్న రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేయమన్న కాగితం రాగానే న్యూటౌన్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటుకి సామాను చేర్చాం. నాన్న ఆ ఫ్లాటులో చుట్టాలింటికి వచ్చినవాడిలా కూర్చునేవాడు. ఏం అడిగినా “ఏటీ నేదు” అనేవాడు. ఆ పాత ఇంటిని ఒక పుస్తకంగా కుట్టి, తాళాలు అప్పగించే రోజుకి ఆయన చేతిలో పెట్టాలనుకున్నాను. అది తప్ప ఆయనకి ఇవ్వగలిగింది నాకింకేమీ తోచలేదు.

కొత్త ఇంట్లో మంచి బల్ల, మంచి వెలుతురు, చప్పుడన్నది లేదు. రెండు వారాలు కూర్చున్నాను. పాత గోడ గీశాను, పెరడు గీశాను. స్కేలు పెట్టి కొట్టినట్టు తిన్నగా వచ్చాయి గీతలు. ఒక్క దాంట్లోనూ ప్రాణం లేదు. ఎవరిల్లో ఇది! ఇన్నాళ్లూ ఆడలేక మద్దెల ఓడన్నాను కాబోలు. ఇప్పుడు మంచి మద్దెలే దొరికింది, ఆట మాత్రం రాలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

తాళాలు అప్పగించడానికి ఇక నాలుగు రోజులే ఉన్నాయనగా సిరాబుడ్డీ, కుంచె సంచిలో వేసుకుని ఖాళీ క్వార్టర్‌కి వెళ్లాను. గచ్చు మీద కాగితం పరిచి, కుంచె మొన ఆనించి, జన్మలో మొదటిసారి బండి కోసం ఎదురుచూశాను. అది రాగానే చెయ్యి బిగించకుండా మెల్లగా లాగాను, అంతే. అబ్బ! గీత నిద్రలేచింది. ముందు వెంట్రుకంత అల, తర్వాత పెద్దవి, మళ్లీ సన్నబడుతూ సన్నబడుతూ... బండి వెళ్లిపోయాక కూడా కొసలో చిన్న అదురు. నా చేతిలోంచే వచ్చిందంటే నమ్మలేకపోయాను. ఇన్నేళ్లూ నేను పారేసుకున్నది దీన్నా!

మూడు రోజులూ అలాగే బండికొక గీత, పేజీకొక గీత గీశాను. ఏ పేజీ ఏ బండిదో విడిగా ఒక చీటీలో రాసుకున్నాను. ఒక్క పేజీ తక్కువైంది. ట్రంకుపెట్టె తీసేసిన గోడవార, కాలేజీ రోజుల్లో నేను గిరాటేసిన కాగితం ఒకటి దుమ్ము కొట్టుకుని కనిపించింది. ఏ రోజుదో, ఏ బండిదో గుర్తులేదు. కొలత సరిపోయింది కదాని దాన్ని కూడా చివర్లో కలిపి కుట్టేశాను.

తాళాలు అప్పగించే రోజు పొద్దున్నే ఆ ఖాళీ గదిలో పుస్తకం నాన్నకిచ్చాను. అక్షరం లేదు, బొమ్మ లేదు. ఏమంటాడోనని ఆయన మొహమే చూస్తున్నాను. ఆయన గచ్చు మీద కూర్చుని, మొదటి గీత మీద వేలు పెట్టి నడిపించాడు.

“లోకల్,” అన్నాడు. “ఖాళీగా ఎల్తంది.” పేజీ తిప్పాడు. “ఇది ఢిల్లీ బండి. ఇక్కడ ఆగదు కదేటి, అందుకే ఆ జోరు.” ఇంకోటి తిప్పాడు. “బొగ్గు గూడ్సు. ఇదిగో, సూడమ్మా, దీని చక్రం ఒకటి సొట్టపడింది. అదే ఎగురు, లెక్కగా, మళ్లీ మళ్లీ.”

నేను రాసుకున్నవాటిలో ఒక్కటీ తప్పలేదు. ఆ సొట్ట సంగతైతే నాకే తెలియదు. నేను చదవలేని పుస్తకాన్ని నేనే చేసి, ఆయన చదువుతుంటే నోరు తెరుచుకుని వింటున్నాను.

చివరి పేజీ దగ్గర వేలు ఆగింది. వెనక్కి తెచ్చి మళ్లీ నడిపించాడు.

“ఇది బండి కాదమ్మా.”

“మరేటి నాన్నా? పాతది, నాకు గుర్తులేదు.”

“రెండు దెబ్బలు. ఆగడం. మళ్లీ రెండు. ఆగడం.” నాన్న ఆ దెబ్బల మీద వేలితో మెల్లగా తట్టాడు. “మీ అమ్మే. అల్లం దంచతంది. మజ్జెలో ముక్కల్ని ఏలితో తోసుకోడానికి ఆగేది కదేటి.”

ఆ రోజు కూడా నేను రైలునే తిట్టి ఉంటాను. అమ్మ నవ్వే ఉంటుంది.

తాళాలు తీసుకోడానికి వచ్చిన రైల్వే ఆయన గుమ్మంలోంచి “దాదా!” అని, అన్నని పిలిచినట్టు పిలిచాడు. నాన్న తలెత్తకుండానే కాస్త ఆగమని బెంగాలీలో చెప్పి, వేలిని మళ్లీ గీత మొదటికి తెచ్చాడు.