హిట్టు డైరెక్టర్ వాడిన కారు

కారు కొనేటప్పుడు మా ఆయన దాని బానెట్ ఎత్తి చూడలేదు. నంబరు ప్లేటు మీది అంకెలన్నీ కూడి చూశారు. తొమ్మిది వచ్చింది. ఇంకేం, ఆ కారులో లోపం ఉండటానికి వీల్లేదు. సినిమావాళ్ళ లెక్కలు అలాగే ఉంటాయి, నన్నడక్కండి.

అప్పటికి ఆయన ఎంతోమంది డైరెక్టర్ల దగ్గర కో-డైరెక్టర్‌గా చేసి ఉన్నారు. కో-డైరెక్టర్ అంటే సెట్టుకి అందరికంటే ముందొచ్చి అందరికంటే ఆఖర్న వెళ్ళే మనిషి. పోస్టరు మీద ఆయన పేరు కనబడాలంటే కళ్ళజోడు తుడుచుకోవాలి. నేను డబ్బింగ్ చెప్పేదాన్ని. తెలుగు రాని హీరోయిన్లకీ, వాళ్ళ స్నేహితురాళ్ళకీ, అవసరమైతే చంటిపిల్లల ఏడుపుకీ నా గొంతే. మోతీనగర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కడానికి ఆటో.

అవి మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ఉద్యోగంలో కుదురుకోకముందే లోన్ మీద కొత్త కారు కొనేవారు. దాంతో పాత కార్లు సాయంత్రం పూట టమాటాల్లా చవకైపోయాయి. ఆ కంప్యూటర్ల డబ్బు సినిమాల్లోకీ వచ్చిపడింది. కంపెనీలో తన వాటా అమ్ముకుని సినిమా తీద్దామని దిగిన ఒక పెద్దమనిషి మా ఆయన కథ విన్నారు. విని, "డైరెక్షన్ మీరే చెయ్యండి" అన్నారు.

ఆ ఒక్క మాట కోసం మా ఆయన చెవుల దగ్గర జుట్టు నెరిసేదాకా ఎదురుచూశారు. మా పెళ్ళయినప్పటినుంచీ ఇంట్లో ఏది కొనాలన్నా, ఏ ఊరు వెళ్ళాలన్నా, ఆఖరికి పిల్లల్ని కనాలన్నా "సినిమా రానీ" అనేవారు. ఆ సినిమా వచ్చింది. ఆ రోజు ఆయన అన్నం తినలేక కంచం ముందు కూర్చుని ఊరికే నవ్వుతూ ఉండిపోయారు. ఆ మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఫిల్మ్ నగర్‌లో ఒక రివాజు ఉంది. కారు వచ్చి హారన్ కొడితే వాచ్‌మన్ లోపల ఎవరున్నారో కూడా చూడడు, గేటు తీసి సలాం కొడతాడు. నడిచొచ్చిన మనిషిని మాత్రం "ఎవరు గావాలె సార్? ఫోన్ చేసిండ్రా?" అని నిలబెడతాడు. అలాంటి గేట్ల దగ్గర మా ఆయన ఎండలో ఎన్ని పూటలు నిలబడ్డారో ఆయనకే తెలుసు. డైరెక్టర్ అన్నాక కారులో దిగకపోతే సొంత అసిస్టెంట్లు కూడా లెక్కచెయ్యరన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు.

అప్పుడే వరసగా రెండు హిట్లు కొట్టిన ఒక డైరెక్టర్ తన పాత తెల్ల కారు అమ్ముతున్నాడని తెలిసింది. బేరానికి అతని మేనేజర్ వచ్చాడు. "రెండు సినిమాల కథలూ ఈ బండిలో తిరుగుతూనే ఓకే అయ్యాయండీ. కొత్త కారు కొన్నారు గానీ, దీన్ని బయటివాళ్ళ చేతిలో పెట్టడం సార్‌కి ఇష్టం లేదు. మీరు మన ఇండస్ట్రీ మనిషి కదా అని" అన్నాడు. మా ఆయన కరిగి నీరైపోయారు.

"ఒకసారి మెకానిక్‌కి చూపిద్దామండీ" అన్నాను.

"హిట్టు డైరెక్టర్ వాడిన బండిని మెకానిక్‌కి చూపిస్తామంటే ఏమనుకుంటారే? చేతిదాకా వచ్చిన పేరు పోతుంది" అన్నారు.

ఇంటికి తెచ్చే ముందు మాత్రం రాహుకాలం చూశారు, వర్జ్యం చూశారు. గుమ్మడికాయతో దిష్టి తీయించారు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఆ కారు చెప్పిన మాట విన్నది ఆ ఒక్కసారే.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత వెనకనుంచి నీలం పొగ మొదలైంది. మోతీనగర్‌లో మా సందు చివర షెడ్డు పెట్టుకున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. అతను ఇంజన్ వైపు చూసి నావైపు తిరిగి, "అక్కా, బండి ఆయిల్ తాగుతున్నది. పొగ కనవడకుండ చిక్కటి ఆయిల్ పోసి మీకు అంటగట్టిండ్రు" అన్నాడు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"చేస్తే ఇంజన్ మొత్తం ఇప్పాలె. లేదంటే గిట్లనే ఆయిల్ పోస్కుంట తిరగాలె. జర సంబాలిస్తే చల్తది."

ఇంజన్ విప్పించే స్తోమత మాకు లేదు కాబట్టి, ఎలాగో నడుస్తుందన్న ఆ చల్తది మాటే పట్టుకున్నాం. ఈరోజు రేడియేటర్ కారేది, రేపు పైపు పగిలేది, ఆ పైన నీళ్ళ పంపు పోయేది. బాగుచేసిన ప్రతిసారీ అతను చేతులు తుడుచుకుంటూ "ఇగ ఫికర్ లేదక్కా" అనేవాడు. ఆ మాట వింటే చాలు నేను మర్నాటికి బస్సు చిల్లర తీసి పెట్టుకునేదాన్ని. అతను మంచివాడు కాదు, చెడ్డవాడూ కాదు. మా కారు వల్ల అతని షెడ్డుకి కొత్త రేకులు వచ్చాయని మాత్రం చెప్పగలను.

రిపేర్లు సరే, అవి కంటికి కనబడతాయి. కనబడనివి వేరే ఉన్నాయి. కారు ఇంటి ముందు నిలబడిన నెలలోనే ఓనరమ్మ వచ్చి, "కారు గొన్నరు గదమ్మా, మంచిగైంది. మరి కిరాయి గూడ జర సూడుండ్రి" అంది. డబ్బింగ్ థియేటర్‌లో నాకు రానూపోనూ ఆటో ఖర్చులు కవరులో పెట్టి ఇచ్చేవారు. కారు సంగతి ప్రొడక్షన్ మేనేజర్ చెవిన పడింది. "మీకేంటి మేడం, సొంత బండి" అని నవ్వుతూ ఆ కవరు ఇవ్వడం మానేశాడు. నేను వెళ్ళేది బస్సులోనే, ఎందుకంటే ఆ సొంత బండి షెడ్డులో ఉండేది. ఆయన వైపు చుట్టాలు ఏ రైలు దిగినా స్టేషన్‌కి కారు తెమ్మని ఫోన్ చేసేవారు. దారిలో ఆగిపోతే మళ్ళీ వాళ్ళే, "ఎందుకు కొన్నారబ్బాయ్ ఇలాంటిది" అనేవారు. ఒళ్ళు మండిపోయేది.

ఒక సాయంత్రం కథ చర్చలు ముగిశాక నన్ను థియేటర్ దగ్గర ఎక్కించుకుని వస్తుంటే, జూబ్లీహిల్స్ ఎత్తు మీద బండి కాగిపోయి ఆగింది. బానెట్ కింద నుంచి ఆవిరి. పక్కనుంచి పెద్ద పెద్ద కార్లు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి, వాటిలో ఆయన్ని ఎరిగినవాళ్ళూ ఉన్నారు. ఆయన స్టీరింగ్ మీద తల వాల్చేశారు. నాకు తిట్టాలనే ఉంది, నోటిదాకా వచ్చింది కూడా. ఆ తల చూస్తే తిట్టబుద్ధి కాలేదు. "బండి ఆగితే ఏమైందండీ. దిగి నడుద్దాం. ఇద్దరం ఉన్నాంగా" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశారు. జేబులోంచి పెన్ను తీసి ఆ మాటను అరచేతిలో రాసుకున్నారు. తన సినిమాలో హీరో సర్వం పోగొట్టుకుని కూర్చున్న చోట హీరోయిన్ చేత అదే మాట అనిపిస్తానన్నారు. ఇంటిదాకా నిజంగానే నడిచాం. దారి పొడుగునా ఆ సీన్ చెబుతూనే ఉన్నారు. నాకు కాళ్ళు నొప్పి పుట్టాయి గానీ, ఆ రోజు బాగుంది. ఆ కారు ఇచ్చిన మంచి రోజు ఏదైనా ఉందంటే అదొక్కటే.

ముహూర్తం ఫిల్మ్ నగర్‌లోని స్టూడియోలో పెట్టారు. స్క్రిప్టును దేవుడి పటం ముందు పెట్టి, పూజ చేసి, ముహూర్తం వేళకి డైరెక్టర్ చేతికి అందిస్తారు. అప్పుడే క్లాప్ కొడతారు. ఆ వేళ దాటిందా, ఎంత గొప్ప కథైనా సరే, అందరి మొహాలూ మాడిపోతాయి. ఆటోలో వెళ్దామని నేను బతిమాలాను. "ఇంత కాలం మోసి, ఈ రోజు దాన్ని వదిలేసి వెళ్తామా? లక్కీ బండే" అన్నారు. పసుపు గుడ్డలో చుట్టిన స్క్రిప్టును ముందు సీట్లో కూర్చోబెట్టారు. పట్టుచీర కట్టుకుని నేను వెనక కూర్చున్నాను.

మెకానిక్ ముందురోజే చెప్పాడు. "సార్, లోపల్కి పోయేదాంక బంద్ చెయ్యకుండ్రి. ఒక్కసారి పోయినంక ఫికర్ లేదు." ఆయన నడిరోడ్డు మీద సిగ్నల్ పడినా యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నారు. ఎత్తు ఎక్కాం. స్టూడియో గేటు కనబడింది. వాచ్‌మన్ మా కారును చూసి, రెండు రెక్కలూ బార్లా తీసి సలాం కొట్టాడు. మా ఆయన అద్దంలోంచి నా వైపు చూశారు, చూశావా అన్నట్టు.

సగం కారు గేటు లోపల, సగం బయట. అప్పుడు ఇనప డ్రమ్ములో రాళ్ళు దొర్లినట్టు ఒక చప్పుడొచ్చింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇంజన్ పట్టేసింది, గేరు ఇరుక్కుపోయింది. తోస్తే ముందుకి రాదు, వెనక్కి పోదు. మా వెనక ముఖ్య అతిథి కారు, ఆ వెనక హీరో కారు, ఆ వెనక పూలదండల వ్యాన్. హారన్లే హారన్లు. లైట్‌బాయ్‌లూ, అసిస్టెంట్లూ, కొత్త చొక్కాలేసుకొచ్చిన కమెడియన్లూ అందరూ వచ్చి తోశారు. లోపలనుంచి పంతులుగారు వేళ మించిపోతోందని కేకలు. మా ఆయన స్క్రిప్టును గుండెలకి హత్తుకుని పరుగెత్తారు. కానీ క్లాప్ కొట్టాల్సిన ముఖ్య అతిథి గేటు బయట ఏసీ కారులో కూర్చుని ఉన్నాడు. ఆ అతిథిని దింపి నడిపించుకొచ్చేసరికి వర్జ్యం వచ్చేసింది.

ప్రొడ్యూసర్ గేటు దాకా వచ్చి నిలబడ్డారు. "ఎవరిదీ కారు?" అని అడిగారు.

"డైరెక్టర్‌గారిది సార్" అన్నాడు వాచ్‌మన్.

నలుగురిలో మా ఆయన్ని డైరెక్టర్‌గారూ అనడం నేను విన్నది అదే మొదటిసారి, అదే ఆఖరుసారి.

ఆ తర్వాత కొబ్బరికాయలు కొట్టారు, ఫొటోలు దిగారు, లడ్లు పంచారు. ఫోన్ మాత్రం రాలేదు. మా ఆయన స్నానానికి వెళ్ళినా తలుపు ఓరగా తీసే ఉంచేవారు. చివరికి ఆఫీసు మేనేజర్ వచ్చి, "సార్‌కీ మీకూ జాతకాలు కుదరట్లేదంటండీ. కథ మాత్రం సార్‌కి బాగా నచ్చింది. కథకి పేమెంట్ ఇస్తారు, పేరు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. కంప్యూటర్లతో కోట్లు గడించిన మనిషి, ఒక తుప్పు ఇంజన్‌కి జడిసిపోయాడు. డైరెక్షన్ ఎవరికిచ్చారో నమ్మండి నమ్మకపోండి, మాకు కారు అమ్మిన ఆ హిట్టు డైరెక్టర్‌కే ఇచ్చారు. హిట్టు మనిషి అయితే దోషం పోతుందట.

కథకిచ్చిన డబ్బు ఆ ఇంజన్ విప్పి బాగుచేయించడానికి సరిగ్గా సరిపోయింది. అమ్మేద్దామన్నాను. పట్టేసిన ఇంజన్‌ని ఎవరూ కొనరన్నారు, కారు లేకపోతే మళ్ళీ గేటు దగ్గర నిలబడాలన్నారు. ఇంకా మాట్లాడితే ఏడుపొచ్చేలా ఉంది, తెర మీద వాళ్ళ ఏడుపు ఏడ్చి డబ్బు తెచ్చుకునే నేను ఊరికే ఏడవడం ఎందుకని ఊరుకున్నాను.

ఆ సినిమా హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్పమని నన్నే పిలిచారు. ఇంటద్దె కట్టాలి, వెళ్ళాను. తెర మీద మా ఆయన సీన్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. మాటల రచయిత పేరు ఎవరిదో. ఆ ఎత్తు రోడ్డు సీన్ వచ్చింది. హీరో తల వంచుకుని కూర్చున్నాడు. హీరోయిన్ పెదాలు కదిలాయి. నేను మైకు ముందు నిలబడి, "బండి ఆగితే ఏమైందండీ. దిగి నడుద్దాం. ఇద్దరం ఉన్నాంగా" అన్నాను.

"బాగుంది మేడం, ఇంకొంచెం ఫీల్ కావాలి. నిజంగా మొగుడితో అంటున్నట్టు ఉండాలి" అన్నాడు డైరెక్టర్, అద్దం అవతలనుంచి. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. అయిపోయాక బయటికి వచ్చి, చాలా మర్యాదగా, "మా పాత బండి ఎలా ఉందండీ? లక్కీ బండి అది. దాన్ని వదులుకున్నందుకు నాకిప్పటికీ బాధే" అన్నాడు.

"బయటే ఉందండీ" అన్నాను.

నిజంగానే బయట ఉంది. నన్ను దింపడానికి వచ్చిన మా ఆయన, గేటు పక్కన ఇంజన్ ఆపకుండా కూర్చున్నారు. ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు, ఇప్పుడు సెల్ఫ్ పోయింది. పూటంతా అలా పెట్రోలు కాల్చుకుంటూ కూర్చున్నారు. నేను తలుపు తియ్యగానే, "ఆ డైలాగ్ ఉంచారా?" అని అడిగారు.

"ఉంచారు."

ఆయన మొహం వెలిగిపోయింది. అన్నం తినలేక నవ్విన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. "చూశావా, ఆ సీన్‌కి థియేటర్లో చప్పట్లు పడతాయి చూడు. అందుకే అన్నాను ఇది లక్కీ బండని" అన్నారు.

"ఇంజన్ ఆపండి" అన్నాను.

"ఆపితే మళ్ళీ స్టార్ట్ అవదే."

"అవకపోతే పోనీండి. దిగండి, నడుద్దాం."

ఆయన స్టీరింగ్ వైపు చూశారు, గేటు వైపు చూశారు, నా వైపు చూడలేదు. "ఇక్కడ వదిలేసి పోతే ఎవరైనా చూస్తారు" అన్నారు.

నేను తలుపు మూసేసి, చెక్‌పోస్ట్ దాకా ఒక్కదాన్నే నడిచి వెళ్ళి, మోతీనగర్ బస్సెక్కాను.