మాధురి ఫైల్లో కిందికి దిగిన కిటికీ

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఇంట్లో ఎవరైనా దిష్టి తీస్తామని ఎండుమిరపకాయలు పట్టుకొస్తే నవ్వేదాన్ని. ఎవరో గజ్జెల చప్పుడు విన్నారంటే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసేదాన్ని. నా పనే కొలతలతో. టేపుకు అందనిది ఏదీ లేదనుకునే మనిషిని.

ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పకపోవడానికి కారణం భయం కాదు, ఒళ్లు మంట. చదివితే మీకే తెలుస్తుంది.

మాది ఖరగ్‌పూర్. పుట్టిల్లూ, మెట్టినిల్లూ రెండూ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే. నేను ఊళ్లోనే మలంచా పేటలో ఒక బెంగాలీ ఇంజనీరు గారి ఆఫీసులో కంప్యూటర్ మీద ఇళ్ల ప్లాన్లు గీస్తాను. తలుపులు, కిటికీలు నా సొంత విద్య అని చెప్పుకునేదాన్ని.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక కిటికీని సరిగ్గా తయారు చేసుకుంటే చాలు, దాన్ని ఎన్ని ఇళ్లకైనా వాడుకోవచ్చు. వెడల్పుకు ఒక గడి, ఎత్తుకు ఒక గడి, చట్రం మందానికి ఒకటి, నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవ్వాలో దానికొకటి. గడిలో అంకె మారిస్తే తెర మీద కిటికీ మారుతుంది. మార్చకపోతే ఏళ్లు గడిచినా అలాగే ఉంటుంది. ఇది గుర్తు పెట్టుకోండి.

మాధురి నా తోడికోడలు. విజయనగరం పిల్ల. పెళ్లై వచ్చాక ఖాళీగా ఉందని నేనే ఆఫీసులో చేర్పించాను, మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేనే నేర్పాను. ఏడాది తిరక్కుండానే నేను చేసిన కిటికీని తీసుకుని దానికి కొత్త గడులు పెట్టింది. ఒకటి నొక్కితే గ్రిల్ వస్తుంది, ఇంకోటి నొక్కితే దోమల జాలీ వస్తుంది. మా ఇంజనీరు గారు దానికి 'మాధురి కిటికీ' అని పేరు పెట్టి ప్రతి ప్లానులోనూ వాడమన్నారు. అడుగున ఉన్న చట్రం నాది. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఇంట్లోనూ అదే వరస. ఆమె పెట్టిన చారు బాగుంటుంది, ఆమె వేసిన ముగ్గు బాగుంటుంది. నాకు అసూయగా ఉండేది. ఉండేది ఏమిటి, ఇప్పటికీ ఉంది.

ఇక మా అత్త సంగతి చెప్పాలి. మాధురి ఈ ఇంటికి రాకముందే ఆవిడ పోయింది. చివరి రోజుల్లో పక్షవాతంతో రైల్వే క్వార్టర్‌లో మంచం మీదే ఉండేది. ఒళ్లు తుడవడం, జడ వేయడం, అన్నం తినిపించడం అన్నీ నేనే చేశాను. పరాయివాళ్లు చేస్తే ఒప్పుకునేది కాదు.

క్వార్టర్లలో మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేస్తారు. ఉన్నది చిన్న ఇల్లు, ట్రంకు పెట్టెలన్నీ మంచం కిందికే పోవాలి. అత్త మంచం కూడా అలా ఎత్తు చేసిందే. అయినా కిటికీ అంతకంటే చాలా పైన ఉండేది.

"ఈ కిటికీలోంచి ఆకాశం తప్ప ఏటీ అవుపడదు. నానేటి పక్షినా?" అనేది.

ఒక మధ్యాహ్నం, ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, పని చేసే చేతిని మంచం పట్టె మీద అడ్డంగా ఆనించి చూపించింది. మంచం మీద బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల ఎత్తు.

"మనకంటూ ఇల్లు కడితే కిటికీ ఇక్కడికుండాల. అడుగున సిన్న రెక్క ఒకటి ఎట్టించు. పడుకునే అది తీసి సేపలోడితో నానే బేరమాడతాను."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. దాచాలని కాదు, అది మా ఇద్దరిది అనిపించింది. కాగితం మీద గానీ, కంప్యూటర్‌లో గానీ ఎప్పుడూ గీయలేదు. అత్త పోయాక ఇటుకలు తీసేసి పెరట్లో పెట్టింది కూడా నేనే.

మామయ్య రిటైరై ఊళ్లోనే తాల్‌బగీచాలో స్థలం కొన్నప్పుడు ప్లాను నేనే గీస్తానని అందరికంటే ముందు నేను అనుకున్నాను. అత్త కిటికీ నా మనసులో సిద్ధంగా ఉంది. ఇల్లు పూర్తయ్యాక ఆ కిటికీ ఎందుకలా ఉందో నలుగురిలో చెప్పాలని కూడా అనుకున్నాను.

ఒక రోజు భోజనాల దగ్గర మామయ్య అన్నారు. "ప్లాను మాధురి గీస్తాది. నీకు ఇంటి పనే సరిపోతంది గదమ్మా."

ఆయన ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం మండింది. గీసుకోనీ అనుకున్నాను. అత్త కిటికీ ఆమెకు తెలీదు, తెలియనివ్వను.

వారం పది రోజులకు ఆఫీసులో మాధురి నన్ను పిలిచింది. "అక్కా, ఈ కిటికీ సూడు. పైకి ఎడితే కిందికి వచ్చెస్తంది."

ముందు గదిలో వీధి వైపు కిటికీ. నేల నుంచి మూడడుగుల ఎత్తు పెట్టిందట. ఫైలు మూసి తెరిస్తే కిందికి దిగి ఉంటోంది. నిజం చెప్తున్నాను, నాకు సంతోషమేసింది. గడులు పెట్టేటప్పుడు ఎక్కడో లెక్క తప్పు పెట్టి ఉంటుంది, ఇంజనీరు గారి ముందే పట్టుకోవచ్చు అనుకుని ఆమె కుర్చీలో కూర్చున్నాను.

తప్పు ఎక్కడా లేదు. ఆ గడికి ఏ సూత్రమూ లేదు, తాళమూ లేదు. నా చేత్తో మూడడుగులు కొట్టి, సేవ్ చేసి, మూసి తెరిచాను. దిగిపోయి ఉంది. మిగతా కిటికీలన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

ఇంజనీరు గారు వచ్చి చూశారు. "ఫైల్ ఖరాబ్ హోగా, నయా బనావ్" అన్నారు, చెడిపోయి ఉంటుంది, కొత్తది చెయ్యమని. మాధురి వేరే కంప్యూటర్‌లో మొదటి నుంచి గీసింది పాపం. అందులోనూ అది అంతే ఎత్తుకు దిగింది.

ఆ అంకె చూసినా అప్పటికి నాకేమీ తట్టలేదు. మర్నాడు పొద్దున మాధురి ఫైలు తెరిచేసరికి కిటికీకి అడుగున ఇంకో చిన్న రెక్క ఉంది. గడియ దాని కింది అంచున ఉంది. మేం గీసే కిటికీల్లో అలాంటి రెక్క ఎక్కడా లేదు.

"నువ్వు ఎట్టినావా అక్కా?" అంది మాధురి నా మొహంలోకి చూస్తూ.

నేను పెట్టలేదు. అత్త అడిగిన చిన్న రెక్క అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం ఇంటికి వెళ్లగానే అత్త మంచం పట్టె ఎత్తు కొలిచాను. పెరట్లోని ఇటుక తెచ్చి దాని మందం కలిపాను. పైన నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టాను. మాధురి ఫైల్లో ఉన్న అంకె సరిగ్గా అదే.

మాధురి కాపురానికి వచ్చేనాటికి మంచం కింద ఇటుకలే లేవు. మా ఆయన్ని అడిగాను, నేను నిద్దట్లో ఏమైనా మాట్లాడతానా అని. లేదన్నారు. అమ్మ కిటికీ గురించి ఎప్పుడైనా చెప్పిందా అంటే, ఏ కిటికీ అన్నారు. మామయ్యకూ తెలీదు. ప్లాను కాగితం చూసి, "ఇదేటి, ఇంత కిందికి ఎట్టినావు?" అని మాధురినే అడిగారు.

"దానంతటదే వస్తంది మావయ్యా" అందామె.

ఆయన కాగితం తిరిగిచ్చేస్తూ, "బాగుంది, ఉంచీ" అన్నారు.

అప్పుడు నేను చేసిన పని ఎవరికీ తెలీదు. నా కంప్యూటర్‌లో అదే ఇల్లు, అదే ముందు గది, అదే కిటికీ గీశాను. మూడడుగులు పెట్టి, సేవ్ చేసి, మూశాను. తెరిచాను. మూడడుగులే. రోజూ అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లి తెరిచేదాన్ని. మనసులో అత్తను పిలిచి మరీ తెరిచేదాన్ని. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నా కిటికీ నేను చెప్పినట్టే వింది.

ఇల్లు లేచింది. సింహద్వారం ఎత్తే రోజు పెద్ద కోడలిగా గడపకు పసుపు రాసింది నేనే. కిటికీకి అలాంటి ఆనవాయితీ లేదు. అయినా ఎవరూ చూడకుండా ఆ కిటికీ చట్రానికి కూడా కాస్త పసుపు పూశాను.

గృహప్రవేశం అయ్యాక మామయ్య అత్త మంచాన్ని ముందు గదిలో వేయించుకుని, పెట్టెలు పట్టవని కాళ్ల కింద మళ్లీ ఇటుకలు పెట్టించారు. నేను వెళ్లి పట్టె మీద చెయ్యి అడ్డంగా ఆనించాను. కిటికీ నా వేళ్ల పైన మొదలైంది. పడుకుని చెయ్యి చాపితే చిన్న రెక్క గడియ అందింది. తీశాను. వీధి మొత్తం కనబడింది, చేపల బుట్టతో వస్తున్న మనిషితో సహా.

ఏడుస్తుంటే మాధురి వచ్చింది. ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. అంతా విని ఆమె మంచం పక్కన కూర్చుంది. ఆ పిల్ల మనసులో కల్మషం లేదు, నాకు తెలుసు.

"అత్తని నాను సూడనే లేదు గదక్కా. అన్నీ సేసింది నువ్వు. మరి నీకాడికి రాకుండా నాకాడికి ఎందుకొచ్చింది?"

సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఫైలు చెడితే అంకె మారొచ్చు గానీ, గీయని రెక్క రాదన్నారు. అది అత్తో కాదో నేను చెప్పలేను. అత్తే అయితే మాత్రం ఆవిడ మీద నాకు కోపం ఉంది.

నేను గీసిన ఆ ఇల్లు ఇంకా నా కంప్యూటర్‌లోనే ఉంది. ఆఫీసుకు వెళ్లగానే ముందు అదే తెరుస్తాను. ఇవాళ కూడా తెరిచాను. మూడడుగులే.