పంటితో తెంపిన దారం

పరాయి సైన్యం పట్టణంలో దిగి రెండేళ్లయినా, బూట్లు కుట్టే ముసలాయన పద్ధతి మారలేదు. సూదిని నెరిసిన జుట్టులో ఓసారి రుద్దుకుంటాడు. అందరూ కుట్టు చివర ఒక ముడి వేస్తే, తను రెండు వేసి దారం పంటితో తెంపుతాడు. “తోలు చిరిగినా నీ ముడి ఊడదు తాతా!” అని జనం ఆటపట్టిస్తే మురిసిపోతాడు. ఆ ఉదయం పరాయి సైన్యం అధికారి ఒక జత బూట్లు తెచ్చి బల్ల మీద పడేశాడు. “వంతెన పేల్చబోయి చచ్చినవాడి బూట్లివి. మొహం మిగల్లేదు. ఎవడో తెలిస్తే ఇంటిల్లిపాదినీ గోడకి నిలబెట్టి కాల్చేస్తాం. ఇవి కుట్టింది నువ్వేనా?” కొడుకు పాదాలు కొలిచి తను కుట్టిన బూట్లే అవి. ఇంట్లో కోడలూ, మనవరాలూ ఉన్నారు. “ఎవడో చేతకానివాడు కుట్టాడయ్యా. నా పని కాదు.” “పోనీలే. ఎడమదాని కుట్టు ఊడింది, వేసిపెట్టు. నేనే తొడుక్కుంటా,” అంటూ అధికారి ఎదురుగా కూర్చున్నాడు. ముసలాయన కళ్లకి ఏమీ ఆనలేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. రెండు ముళ్లు పడ్డాయి, పళ్లు దారం తెంపాయి. అధికారి ఆ ముడిని కుడి బూటు ముడి పక్కన పెట్టి బొటనవేలితో తడిమి చూశాడు. “బాగా కుట్టావు తాతా,” అన్నాడు నవ్వుతూ. “ఇంట్లో ఎంతమంది మీరు?”