తూము తలుపు పీకేశారు

పంట నమోదు చేసే అమ్మాయి ఫోను పట్టుకుని చేలోకి వచ్చే రోజున రూతమ్మ గట్టు దిగి అవతల నిలబడేది. ఆమె నారు ఊడ్చి, ఆమె కలుపు తీసిన వరిలో భూమి యజమాని చంద్రశేఖర్ గారు నిలబడి ఫొటో దిగేవారు. "నీ పేరు ఎక్కితే మా అన్నదమ్ములు గొడవ పెడతారు రూతమ్మా. పరిహారం వస్తే నీకే ఇస్తాగా" అనేవారు. తుపానుకి చేను పడిపోయిన ఏడాది పరిహారం వచ్చింది. ఆమె చేతికి మాత్రం రాలేదు. ఆమె అడగనూ లేదు. ఎందుకు అడగలేదంటే, "మళ్లీ ఏడాది చేను చెయ్యనివ్వాలి కదండీ" అంటుంది.

నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది ఆ పల్లపు చేను. మడబాడవ అంటారు. ఒకప్పుడు అదంతా మడ అడవే. రూతమ్మ అత్తింటి పెద్దలు చెట్లు కొట్టి, వేళ్లు పెకలించి, కట్ట పోసి దాన్ని నేల చేశారు. జమీందారు మనుషులొచ్చి తమదన్నారు. తర్వాత కృష్ణకి ఆనకట్ట పడింది, కాలవ వచ్చింది, మంచినీళ్లు తగిలాయి. నేలకి విలువ రాగానే పట్టా కూడా పుట్టింది, చంద్రశేఖర్ గారి పూర్వీకుల పేరున. అడవి కొట్టినవాళ్లు కౌలుదార్లయ్యారు. దొరలు మారారు, ప్రభుత్వాలు మారాయి. ఆ బురదలో వంగిన నడుములు మాత్రం మాలపల్లిలోని ఆ ఒక్క ఇంటివే.

డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు రూతమ్మ కొత్త కోడలు. నీళ్లు తీసేసరికి బాడవంతా ఉప్పు. యజమానులు అటు తొంగి చూడలేదు. ఆమే, మావగారే కాలవ నీళ్లు పెట్టి, నిలగట్టి, మురుక్కాలవలోకి వదిలి, పచ్చిరొట్టకి జీలుగు చల్లి కలియదున్ని నేలని కడిగారు. కంకి కనపడటానికి ఏళ్లు పట్టింది. అప్పుడు చంద్రశేఖర్ గారి తల్లి సత్యవతమ్మ గారు గట్టు మీద నిలబడి, "మా ఇంట్లో ఎవరున్నా ఈ బాడవ మీవాళ్లే చేసుకోవాలి" అన్నారు. మాటే. ఆ మాట మీదే ఇన్నేళ్లూ.

ఆ చేను బతికేది ఒక తూము మీద. సముద్రం పోటు మీదుంటే ఉప్పునీరు మురుక్కాలవ పట్టుకుని ఎదురెక్కుతుంది. పున్నమికీ అమావాస్యకీ తూముకి చెక్క తలుపు దించి, గడ్డీ బురదా కలిపి సందులు మెత్తాలి. పాటు వచ్చి సముద్రం వెనక్కి తగ్గగానే పైకి లాగి చేలో నీరు వదలాలి. జ్వరంతో ఉన్నా రూతమ్మ ఆ పని మానలేదు.

నిరుడు ఎండాకాలం చంద్రశేఖర్ గారు కారులో వచ్చారు.

"ఆ పాత తలుపు పీకించేస్తున్నా రూతమ్మా. ఇనప షట్టరు పెట్టిద్దాం. ఈ సార్వా పంట వదిలెయ్, నువ్వూ కాస్త నడుం వాల్చు."

"తలుపు లేకపోతే పోటు ఎక్కుద్దండి బాబుగారూ."

"షట్టరు వచ్చేస్తుందిలే. నా మాట మీద నమ్మకం లేదా?"

"అయ్యో, ఎంత మాటండి!"

పక్క చేను నాంచారయ్య నవ్వాడు. "ఏంటి రూతక్కా, షట్టరు తూముకా, నీ మెళ్లోకా? అంత మురిసిపోతన్నావ్!"

"ముందు నీ గట్టుకి ఎండ్రకాయల బొరియలు పూడ్చుకో, తర్వాత నవ్వుదువుగాని" అందీమె.

తలుపు పోయింది. షట్టరు రాలేదు. బస్తాల్లో మట్టి నింపి అడ్డం వెయ్యబోతే, "కొలతలు తీసుకున్నారు, కదపకు" అని చంద్రశేఖర్ గారు ఫోన్లో చెప్పారు. ఆమె బస్తాలు పక్కన పెట్టి కూర్చుంది. వానలు ఆగాక ప్రతి పోటూ లోపలికొచ్చింది. చలికాలం వెళ్లేసరికి బాడవ తెల్లగా చౌడెక్కింది.

అప్పుడు దిగారు అధికారులు, వెంట చంద్రశేఖర్ గారు.

"ఏమ్మా, ఇక్కడ వరి పండుతుందా?"

"ఇట్టా ఉంటే పండదండి. కడిగితే..."

"చౌడేగా?"

"చౌడేనండి."

మిగతా మాట ఆమె నోట్లో ఉండగానే జీపు కదిలింది. సాగుకి పనికిరాని నేలకే రొయ్యల చెరువు అనుమతి దొరుకుతుందని ఆమెకి తెలియదు. అందుకు చంద్రశేఖర్ గారి దరఖాస్తు, తలుపు పీకకముందే వెళ్లిందనీ తెలియదు. చెరువు తవ్వే పొక్లెయిన్ ఎప్పుడొస్తుందని ఊళ్లో మాట్లాడుకుంటుంటే విని, యజమాని ఇంటికి పరుగెత్తింది.

"అమ్మగారు మాటిచ్చారు కదండీ."

"అమ్మ లేదుగా ఇప్పుడు. అయినా పండదని నువ్వేగా చెప్పింది?"

ఆమె తిరిగొచ్చేసింది. "ఉప్పెనకి మనమెవరో తెలవదండి. ఈయనకి తెలుసు గదా" అని మాత్రం అంది.

అభ్యంతరాలు చెప్పుకోమని నోటీసు అంటించారు. రూతమ్మ వెళ్తే, "ఆ సర్వే నంబర్లో నువ్వెక్కడా లేవే?" అని పంపేశారు. పక్క పట్టాదారులు చెబితే మాత్రం అధికారులు వినాలి. నాంచారయ్య తన అరెకరం కోసం సంతకం పెట్టాడు. చెరువు తవ్వితే ఉప్పు ఊట దిగేది అతని చేలోకే. మిగతా చేలు చేసేవాళ్లంతా కౌలువాళ్లే, వాళ్లకి నోరు లేదు.

ఆ చేల పట్టాలు మీ దగ్గరున్నాయి. బందరులో, గుడివాడలో, బెజవాడలో ఉంటూ మడబాడవ చుట్టూ పొలాలున్నవాళ్లు మీరే. వచ్చే సోమవారం మండల ఆఫీసులో విచారణ. రండి. ఆ నేల చౌడు కాదని, చౌడు చేశారని చెప్పండి. రాలేకపోతే సంతకం పెట్టి పంపండి. చెరువు తవ్వాక ఏం రాసినా ఆ నేలలో వరి మొలవదు.