మా అత్తయ్య వేలం వేళ

మా అత్తయ్య లెక్కలో ఏడాదికి రెండే కాలాలు. ఒకటి ఏదీ అమ్మకూడని కాలం, రెండోది చలికాలం సెలవులు. ఆ సెలవుల్లోనైనా ఏ రోజు పడితే ఆ రోజు అమ్మితే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. సెలవులకి ముందు కొనేవాళ్ళు ఎవరికో బహుమతి ఇవ్వడానికి కొంటారట. పార్సిలు వేళకి అందుతుందో లేదోనన్న బెంగలో వేలంపాట పెంచడం మరిచిపోతారట. సెలవులు అయ్యాక అందరి జేబులూ ఖాళీ. ఇక మిగిలింది సెలవుల నడిమధ్య రోజు, అందులోనూ మధ్యాహ్నం భోజనాలయ్యాక చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూడలేని ఘడియ.

"కడుపు నిండినవాడు కొనడే, కోపం వచ్చినవాడు కొంటాడు," అనేది నాతో. "అన్నతో మాటామాటా వచ్చిందనుకో, ఏం చేస్తాడు? పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఫోను తీస్తాడు. ఎవడో ఒకడి మీద గెలవాలి కదా మరి!"

ఇదేమీ గాల్లోంచి పట్టుకొచ్చిన సిద్ధాంతం కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ రైల్వే స్టేషనులో పోయిన వస్తువుల గదిలో కూర్చుంది. ఎవరూ అడగడానికి రాని గొడుగులూ పెట్టెలూ ఏడాదికోసారి వేలం వేసేవారు. ఓసారి ఇద్దరు వియ్యంకులు పంతాలకి పోయి, చిల్లు గొడుగుని కొత్తదాని ధర దాటించి పాడారట. గెలిచినాయన దాన్ని తెరిచి చూసి, మూసి, మళ్ళీ ఆ గదిలోనే మరిచిపోయి వెళ్ళాడట. వేలంవెర్రి అంటే ఏమిటో ఆ రోజే తెలిసిందంటుంది అత్తయ్య. రిటైరయ్యాక వేలం వేసే సైటు ఒకటి పట్టుకుని ఇంట్లో సామానంతా ఒక్కొక్కటిగా అమ్మడం మొదలుపెట్టింది.

ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో గొడవ ఎప్పుడు రాజుకుంటుందో తెలిసేదెలా? మా ఇంటిని బట్టి. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటుంది. ఏటా ఆ సెలవుకి కొడుకులిద్దర్నీ భోజనానికి పిలిచేది. బావగారూ మా ఆయనా గొంతులు పెంచగానే గోడగడియారం కేసి చూసి తల ఊపేది. మరుసటేడు వేలం సరిగ్గా ఆ వేళకే ముగిసేది. పోయినేడు కారు ఎవరు ఎక్కడ పెట్టాలన్న గొడవ వేడిగా సాగుతుండగానే అద్దాల బీరువా మంచి ధరకి పోయింది. మా ఆయన అలిగి చెప్పులు వేసుకుంటుంటే, "ఇంకాసేపు ఉండరా, పాట ఇప్పుడే ఊపందుకుంది," అంది కన్నతల్లి.

ఈ ఏడు వేలానికి మామయ్య బొమ్మరైలు పెట్టింది. మామయ్య గూడ్సుబండి డ్రైవరు. బతికుండగా ఒక్కనాడూ వేళకి ఇల్లు చేరలేదు. తప్పు బండిదనేవాడు ఆయన, కాదు మనిషిదే అనేది ఈవిడ. ఉద్యోగం అయ్యాక వెనకగది నిండా పట్టాలు పరిచి, ఇంజనూ పెట్టెలూ వంతెనా, చెప్పుల డబ్బా అంత స్టేషనూ తన చేత్తో చేసుకున్నాడు. స్టేషనులో ఒక బెంచీ, దాని మీద బొటనవేలంత ఆడమనిషి. గోధుమరంగు కోటు, ఒళ్ళో సంచి. ఆ మనిషెవరని మేమెవరం అడగలేదు, ఆ కోటు ఇప్పటికీ అత్తయ్య గది తలుపు వెనక వేలాడుతూనే ఉంది.

ఆయన పోయాక ఆ గది మూసేసింది. "అందులోకి వెళ్తే ఊపిరాడదే నాకు. నడిపించేవాళ్ళ దగ్గరుంటే రైలైనా బాగుంటుంది," అంది నాతో. కొడుకులిద్దర్నీ కావాలా అని అడిగింది. ఇద్దరూ "మాకెందుకమ్మా" అన్నారు. నాకు ఇద్దరి చెవులూ మెలిపెట్టాలనిపించింది. ఆవిడకి ఆ రైలు వదులుకోవడం ప్రాణం మీదకొస్తోందని కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది.

తీరా ఆ సెలవు వచ్చేసరికి కొంప మునిగింది. అన్నదమ్ములిద్దరూ సఖ్యంగా ఉన్నారు. ఒకే దుప్పటి కాళ్ళ మీద కప్పుకుని, చిన్నప్పటి మాస్టారి నడక తలుచుకుని పడీపడీ నవ్వుతున్నారు. అత్తయ్య ఫోనులో పాట కదలదు మెదలదు. 'బట్టతలబాతు' అని పేరు పెట్టుకున్న వాడెవడో మొదటి ధరకి పాడి ధీమాగా కూర్చున్నాడు.

"ఏమిట్రా, సెలవుపూట ఇలా అన్నదమ్ముల్లా కూర్చున్నారు?" అంది అత్తయ్య కంగారుగా.

"అన్నదమ్ములమే కదమ్మా," అన్నారు బావగారు.

"అది నాకూ తెలుసు. కన్నది నేనే. మనింట్లోనే ఇంత ప్రశాంతంగా ఉంటే బయట కొనేదెవడురా? కాస్త పోట్లాడుకోండి."

"థర్మామీటరుని వేణ్ణీళ్ళలో ముంచితే ఊరందరికీ జ్వరం వస్తుందా అత్తయ్యా?" అన్నాను నేను.

"నీ తెలివితేటలు తర్వాత. ముందా కారు సంగతి ఎత్తు."

ఎత్తాను. ఇద్దరూ "తప్పు నాది" అంటే "కాదు నాది" అనుకున్నారు. అత్తయ్య బతిమాలగా బతిమాలగా బావగారు గొంతు సవరించుకుని, "ఒరేయ్, నువ్వొట్టి వెధవ్విరా," అన్నారు.

"నువ్వింకా పెద్ద వెధవ్వి. ముందు పుట్టావు కదా," అన్నాడు మా ఆయన. మళ్ళీ నవ్వులు. అత్తయ్య నుదురు కొట్టుకుంది.

"ఇదీ ఒక గొడవేనా! ఈ గొడవకి చెంచా కూడా అమ్ముడుపోదు."

"సరే, నిజంగా కోపం తెప్పించనా?" అన్నాడు మా ఆయన నవ్వుతూనే. "నాన్న రైలు అమ్మడం నాకిష్టం లేదు."

బావగారి నవ్వు ఆగిపోయింది. "మరి అమ్మ అడిగినప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"నీకు కావాలేమోనని ఊరుకున్నా."

"నేను నీకోసం వదులుకుంటే, నువ్వు నాకోసం వదులుకున్నావా? నన్నొక్క మాట అడగాలని తెలీదూ?"

"నువ్వడిగావా?"

అంతే, దుప్పటి కింద పడింది. ఒకరి త్యాగాన్ని ఒకరు నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఇద్దరూ లేచి నిలబడ్డారు. అత్తయ్య గడియారం కేసి చూసింది. సరిగ్గా అప్పుడే ఆవిడ ఫోను టింగుమంది.

"చూశావా!" అంది నాతో గర్వంగా, కళ్ళజోడు సర్దుకుని.

వచ్చింది పాట కాదు, బట్టతలబాతు పంపిన సందేశం. పైకే చదివింది. "రైలు ఎలాగూ నాకే వచ్చేట్టుంది. పంపేముందు బెంచీ మీదున్న ఆ ముసలి బొమ్మని పీకేయండి. చూడ్డానికి బాగాలేదు."

అన్నదమ్ములిద్దరూ ఆవిడ కేసి తిరిగారు.

"ముసలిదా?" అంది అత్తయ్య. "ఆ బెంచీ మీద కూర్చున్నప్పటికి నాకు పెళ్ళి కూడా కాలేదు!"

అమ్మేవాళ్ళు తమ వస్తువుని తాము పాడుకోకూడదని ఆ సైటు నియమం. ఆవిడ మా ఆయన చేతిలో ఫోను లాక్కుని, పక్కగదిలోకి వెళ్ళి, ధడాలున తలుపేసుకుంది. లోపల్నించి "తీసుకో! చాలా? ఇంకా తీసుకో!" అన్న కేకలు వినబడ్డాయి. ఆ బాతు ఇంట్లోనూ ఏ అన్నతోనో గొడవ జరుగుతున్నట్టుంది, వాడూ తగ్గలేదు. పాట బీరువా ధర దాటింది, సోఫా ధర దాటింది, ఆవిడ ఇంతవరకూ అమ్మినవాటన్నిటినీ దాటింది. అన్నదమ్ములిద్దరూ పోట్లాట మానేసి తలుపు మీద బాదుతూ "పెంచమ్మా, పెంచు!" అని అరుస్తున్నారు. నేను వాళ్ళకంటే గట్టిగా అరిచాను.

కాసేపటికి జుట్టు రేగిపోయి బయటికొచ్చింది. "నా వేలాల్లో ఇంత ధర ఎప్పుడూ పలకలేదు," అంది.

"ఎవరు కొన్నారమ్మా?" అన్నారు బావగారు భయంభయంగా.

"ఎవత్తో పిచ్చిది," అని కుర్చీలో కూలబడి, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

అమ్మకం రద్దు చేసుకుంటే సరిపోతుందన్నాం. ససేమిరా అంది. పాట ముగిశాక వెనక్కి తీసుకోవడం తన ఇంటావంటా లేదంది. సైటువాడు తన కమీషను తాను పట్టుకున్నాడు. అత్తయ్య ఆ గది తలుపు తెరిచి, పట్టాలూ పెట్టెలూ విడివిడిగా చుట్టి, బెంచీ మీది మనిషిని దూదిలో పడుకోబెట్టింది. కొడుకులిద్దరూ తలో అట్టపెట్టె మోసుకుంటూ ఆవిడ వెంట పోస్టాఫీసుకి వెళ్ళారు. పంపేవారి చోటా అందేవారి చోటా ఆవిడ ఇంటి చిరునామానే ఉండడంతో కౌంటర్లో గుమాస్తా రెండూ మార్చిమార్చి చూశాడట. "రెండూ సరిగానే ఉన్నాయి బాబూ, ముద్ర వెయ్యి," అందట ఈవిడ.

పార్సిలు రావాల్సిన రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. నేను వెళ్ళేసరికి అత్తయ్య గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. గోధుమరంగు కోటు వేసుకుంది. సంతకం పెట్టడానికి కలమూ కళ్ళజోడూ ఉన్న సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"చలిగా ఉంది, లోపలికి రండి అత్తయ్యా. ఆలస్యానికి ఫిర్యాదు పెడదాం," అన్నాను.

"ఫిర్యాదా?" అంది వీధి చివరికి చూస్తూ. "పెళ్ళయిన దగ్గర్నుంచీ పెడుతూనే ఉన్నానే. ఆయన బండి ఎప్పుడు వేళకొచ్చింది గనక?"